కంబోడియాలో ఓటు గెలిచినా అధికారం ఎందుకు చేతులు మారలేదు?

1993 మే 23 నుంచి 28 దాకా ఆరు రోజుల పాటు కంబోడియా ప్రజలు ఓటు వేశారు. పేరు నమోదు చేసుకున్న 47 లక్షల పైచిలుకు ఓటర్లలో సుమారు 90 శాతం మంది పోలింగు కేంద్రాలకు వచ్చారు. దేశాన్ని పద్నాలుగేళ్లుగా ఏలుతున్న పార్టీని ఓడించారు. ఆ పార్టీ నాయకుడు హున్ సేన్ మాత్రం అధికార పీఠం దిగలేదు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆయన కొత్త రాజ్యాంగం కింద 'రెండో ప్రధానమంత్రి'. మరో నాలుగేళ్లకు మొదటి ప్రధానమంత్రిని దేశం దాటించారు. 2023 ఆగస్టులో కుమారుడు హున్ మానెట్‌కు పగ్గాలు అప్పగించేదాకా ప్రభుత్వాన్ని నడిపింది ఆయనే.

ఆ ఎన్నికలు నిర్వహించినది సాక్షాత్తూ ఐక్యరాజ్య సమితి. సుమారు 22 వేల మంది సిబ్బందిని పంపి, దాదాపు 160 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి, పద్దెనిమిది నెలలు దేశంలో మకాం వేసి జరిపించింది. అప్పటికి ఐరాస తలకెత్తుకున్న శాంతి పరిరక్షణ కార్యక్రమాల్లో అంత పెద్దది మరొకటి లేదు. ఇంత బలగం, ఇంత డబ్బు, ప్రజల్లో అంత ఉత్సాహం ఉండి కూడా ఓడినవాడు ఎలా నిలబడ్డాడో అర్థం చేసుకుంటే, అంతర్యుద్ధంలో చితికిన దేశాల్లో శాంతి దళాలు ఏం చేయగలవో, ఎక్కడ ఆగిపోతాయో చాలావరకు తెలుస్తుంది.

ముందుగా కొంచెం వెనక్కి వెళ్లాలి. 1975 నుంచి 1979 దాకా పోల్ పాట్ నాయకత్వంలోని కమ్యూనిస్టు వర్గం ఖ్మేర్ రూజ్ పాలనలో ఉరిశిక్షలు, ఆకలి, వెట్టిచాకిరి, జబ్బులు కలిసి సుమారు 17 లక్షల మందిని బలితీసుకున్నాయని అంచనా. 1978 డిసెంబరు చివర వియత్నాం సైన్యం సరిహద్దు దాటింది. 1979 జనవరి 7న రాజధాని నామ్‌పెన్‌లోకి ప్రవేశించి కొత్త ప్రభుత్వాన్ని నిలబెట్టింది. ఖ్మేర్ రూజ్ సేనలు థాయిలాండ్ సరిహద్దు అడవుల్లోకి జరిగిపోయాయి. న్యాయంగా అయితే కథ అక్కడ ముగియాలి. కానీ ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న కాలమది. వియత్నాం వెనుక సోవియట్ యూనియన్ ఉంది కాబట్టి చైనా, అమెరికా, చాలా ఆగ్నేయాసియా దేశాలు వియత్నాం నిలబెట్టిన ప్రభుత్వాన్ని గుర్తించలేదు. ఐరాసలో కంబోడియా కుర్చీ ఏళ్ల తరబడి ఖ్మేర్ రూజ్ చేతిలోనే, 1982 తర్వాత ఖ్మేర్ రూజ్ భాగస్వామిగా ఉన్న ప్రవాస కూటమి చేతిలో ఉండిపోయింది. భారత్ మాత్రం 1980లోనే నామ్‌పెన్ ప్రభుత్వాన్ని గుర్తించింది. తన ప్రజల్లో అయిదో వంతును పోగొట్టుకున్న దేశానికి, ఆ పని చేసినవారినే ప్రతినిధులుగా కూర్చోబెట్టడం ఐరాస చరిత్రలో మాయని మచ్చ.

1989లో వియత్నాం సేనలు వెనుదిరిగాయి. సోవియట్ సాయం ఎండిపోయింది, చైనాకూ వియత్నాంకూ మధ్య రాజీ కుదిరింది. నాలుగు పక్షాలనూ, అంటే వియత్నాం నిలబెట్టిన హున్ సేన్ ప్రభుత్వాన్నీ ప్రవాస కూటమిలోని మూడు వర్గాలనూ, ఇన్నాళ్లూ పోషించిన పెద్ద దేశాలకు ఇక ఆ బరువు అక్కర్లేదు. 1991 అక్టోబరు 23న పారిస్‌లో ఒప్పందం కుదిరింది. సంతకాలు చేసిన దేశాల్లో భారత్ కూడా ఉంది.

ఆ ఒప్పందం చదివితే అందులోని ఆశ, అందులోని లొసుగు రెండూ కనిపిస్తాయి. దేశపు సార్వభౌమత్వం తాత్కాలికంగా పన్నెండు మంది సభ్యులున్న సుప్రీం జాతీయ మండలిది. ఆరుగురు హున్ సేన్ ప్రభుత్వం నుంచి, ఇద్దరు ఖ్మేర్ రూజ్ నుంచి, ఇద్దరు మాజీ రాజు సిహనూక్ రాచవర్గం నుంచి, ఇద్దరు మాజీ ప్రధాని సోన్ సాన్ వర్గం నుంచి. అధ్యక్ష స్థానంలో సిహనూక్. ఈ మండలి తన అధికారాలను ఐరాస కార్యక్రమానికి అప్పగిస్తుంది. 'అన్‌టాక్' అని పిలిచే ఆ యంత్రాంగం ప్రతి సైన్యంలోనూ కనీసం 70 శాతం మందిని ఆయుధాలు దించి ఇళ్లకు పంపాలి. అంతకన్నా ముఖ్యం, విదేశీ వ్యవహారాలు, రక్షణ, ఆర్థికం, ప్రజా భద్రత, సమాచారం, ఈ అయిదు శాఖలను తన ప్రత్యక్ష అదుపులోకి తీసుకోవాలి. అలా చేస్తే తప్ప ఎన్నికలు నిష్పక్షపాతంగా జరగవని ఒప్పందం రాసినవారికి తెలుసు. జరిగిన మారణకాండను మాత్రం దాని పేరుతో పిలవలేదు. గతంలోని విధానాలు, ఆచరణలు మళ్లీ రానివ్వకూడదని పొడిపొడిగా రాసి ఊరుకున్నారు. ఖ్మేర్ రూజ్ సంతకం కావాలి కదా మరి.

శాంతి దళం అంటే యుద్ధం చేసే దళం కాదు

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. నీలి టోపీల సైనికులు ఎవరినో ఓడించడానికి వెళ్లరు. శాంతి పరిరక్షణ అనే మాటే ఐరాస నిబంధనావళిలో లేదు. ఆరో అధ్యాయం వివాదాలను మాటలతో తీర్చుకోమంటుంది, ఏడో అధ్యాయం బలప్రయోగానికి అనుమతిస్తుంది. ఈ రెంటి నడుమ పుట్టింది శాంతి దళం. మూడు కట్టుబాట్ల మీద అది నిలబడుతుంది. పోరాడుతున్న పక్షాలు ఒప్పుకోవాలి, దళం ఎవరి పక్షమూ వహించకూడదు, ఆత్మరక్షణకు తప్ప తుపాకీ పేల్చకూడదు. అంటే దళానికి అసలు బలం పక్షాల మాట మీద ఉంటుంది. ఆ మాట తప్పితే ఏం చేయాలన్నదే కంబోడియాలో ఎదురైన మొదటి ప్రశ్న.

భద్రతా మండలి 745వ తీర్మానంతో అన్‌టాక్‌ను ఏర్పాటు చేసింది 1992 ఫిబ్రవరి 28న. దాని అధిపతి, జపాన్‌కు చెందిన యసుషి అకాషి నామ్‌పెన్ చేరింది మార్చి మధ్యలో. సంతకాలకూ ఆయన రాకకూ మధ్య దాదాపు అయిదు నెలలు. కొన్ని పటాలాలు పూర్తిగా దిగేసరికి ఇంకా ఎన్నో నెలలు పట్టింది. పౌర పోలీసులు మరీ ఆలస్యం. వచ్చినవారిలోనూ చాలామందికి ఇంగ్లీషు గాని ఫ్రెంచి గాని రాదు, కొందరికి బండి నడపడం రాదు. నలభైకి పైగా దేశాలు మనుషులను పంపాయి. భారత పదాతి పటాలం కూడా వెళ్లింది. 1954 జెనీవా ఒప్పందాల తర్వాత కంబోడియాలో అంతర్జాతీయ పర్యవేక్షణ సంఘానికి అధ్యక్షత వహించింది భారతదేశమే కాబట్టి ఆ నేల మనకు కొత్త కాదు.

ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించక తప్పలేదు. 1992 మే 30న అకాషి, సేనాధిపతి అయిన ఆస్ట్రేలియా జనరల్ జాన్ శాండర్సన్ కలిసి పశ్చిమాన పైలిన్ వైపు బయలుదేరారు. పైలిన్ ఖ్మేర్ రూజ్ స్థావరం. కెంపులు, నీలాలు తవ్వి, అడవులు నరికి థాయి వ్యాపారులకు అమ్ముకునే చోటు. దారిలో ఒక చోట రోడ్డుకు అడ్డంగా వెదురు గడ కట్టి ఉంది. పక్కన కొద్దిమంది కుర్ర సైనికులు కాపలా ఉన్నారు. గడ ఎత్తమంటే ఎత్తలేదు. పారిస్‌లో వారి నాయకులు చేసిన సంతకం ప్రకారం ఐరాస బండ్లు దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా వెళ్లవచ్చు. అకాషి కాసేపు మాట్లాడి, వెనక్కి తిరిగారు.

ఆ వెదురు గడ వార్త ప్రపంచమంతా పాకింది. దాన్ని తోసుకుని పోవాల్సిందని నాడు అన్నవారు చాలామంది. ఉప సేనాధిపతి, ఫ్రెంచి జనరల్ మిషెల్ లోరిదాన్ బలప్రయోగానికి వెనుకాడకూడదన్నారు. కొద్ది కాలానికే ఆయన స్థానంలో మరొకరు వచ్చారు. శాండర్సన్ వాదన వేరు. తన దగ్గర ఉన్నవి తేలికపాటి ఆయుధాలున్న పటాలాలు. వాటిని పంపిన దేశాలు యుద్ధానికి ఒప్పుకోలేదు. తొలి కాల్పులతోనే అన్‌టాక్ అయిదో పక్షమైపోతుంది. వియత్నాం పదేళ్లు పోరాడి గెలవలేని అడవి యుద్ధంలో ఈ దళం ఏం చేస్తుంది? నాకు శాండర్సన్ వైపే న్యాయం కనిపిస్తుంది. కానీ ఆ గడ దగ్గర వెనక్కి తిరగడాన్ని ఖ్మేర్ రూజ్ ఒక్కటే చూడలేదు. నామ్‌పెన్‌లో హున్ సేన్ మనుషులు కూడా చూశారు.

జూన్‌లో నిరాయుధీకరణ మొదలైంది. ఖ్మేర్ రూజ్ రాలేదు. వియత్నాం సైనికులు ఇంకా దేశంలో దాగి ఉన్నారని, హున్ సేన్ యంత్రాంగాన్ని ముందు విప్పెయ్యాలని పట్టుబట్టింది. మొదటి ఆరోపణకు ఆధారం దొరకలేదు. రెండోదానిలో నిజం లేకపోలేదు. శత్రువు ఆయుధం దించనప్పుడు తాము మాత్రం ఎందుకు దించాలని మిగతా పక్షాలు అడిగాయి. రెండు లక్షల మంది సైనికుల్లో సుమారు 50 వేల మంది శిబిరాలకు వచ్చాక ఆ పని ఆగిపోయింది. నవంబరు 30న భద్రతా మండలి 792వ తీర్మానంతో ఖ్మేర్ రూజ్ లేకుండానే ఎన్నికలకు వెళ్లాలని నిర్ణయించింది. ఆయుధాలు ఎవరి చేతుల్లో ఉన్నవి వారి చేతుల్లోనే ఉన్నాయి. ఆయుధాలు దించిన దేశంలో జరగాల్సిన ఎన్నిక, ఆయుధాల మధ్య జరగబోతోంది.

అయిదు శాఖలు, ఖాళీ బల్లలు

వెదురు గడ కంటికి కనిపించే ఓటమి. అంతకన్నా లోతైనది ప్రభుత్వ కార్యాలయాల్లో చడీచప్పుడు లేకుండా జరిగింది. దాని గురించి వార్తలు తక్కువ వచ్చాయి.

అయిదు శాఖలను అదుపులోకి తీసుకోవడానికి అన్‌టాక్ దగ్గర ఉన్నది కొన్ని వందల మంది విదేశీ అధికారులు. వారిలో దేశ భాష అయిన ఖ్మేర్ వచ్చినవారు అతి తక్కువ. ఎదురుగా రాజధాని నుంచి మారుమూల పల్లె దాకా పాకిన యంత్రాంగం. పార్టీ కార్యదర్శే పాలకుడు, పాలకుడే పోలీసు. అన్‌టాక్ అధికారి ఒక మంత్రిత్వ శాఖలో బల్ల వేసుకుని కూర్చుంటాడు. ఆయన ముందుకు దస్త్రాలు వస్తాయి, ఆయన చూసి సంతకం పెడతాడు. అసలు నిర్ణయం అప్పటికే మరో ఇంట్లో, మరో భాషలో, కాగితం లేకుండా జరిగిపోయి ఉంటుంది. అధికారం మంత్రిత్వ శాఖల నుంచి రాష్ట్ర గవర్నర్ల దగ్గరికి, పార్టీ సంఘాల దగ్గరికి జారుకుంది. ప్రభుత్వ భవనాలు, భూములు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. మిగతా మూడు పక్షాలకు పాలన అనదగ్గ యంత్రాంగమే పెద్దగా లేదు. ఖ్మేర్ రూజ్ తన ప్రాంతంలోకి అడుగే పెట్టనివ్వలేదు.

ఎన్నికలు దగ్గర పడేకొద్దీ సిహనూక్ కుమారుడు రణరిద్ధ్ నాయకత్వంలోని ఫన్సిన్‌పెక్ పార్టీ కార్యాలయాల మీద గ్రెనేడ్లు పడ్డాయి, కార్యకర్తలు హత్యకు గురయ్యారు. చాలా ఘటనల్లో అన్‌టాక్ దర్యాప్తు హున్ సేన్ ప్రభుత్వపు పోలీసులు, సైనికుల దగ్గర తేలింది. 1993 జనవరిలో అకాషి అసాధారణమైన పని చేశారు. అన్‌టాక్‌కే సొంత ప్రాసిక్యూటర్‌ను నియమించారు. అరెస్టు చేసే అధికారం ఇచ్చారు. కొద్దిమందిని పట్టుకున్నారు కూడా. అప్పుడు తెలిసింది, వారిని విచారించే కోర్టు లేదని. ఉన్న న్యాయమూర్తులు హున్ సేన్ ప్రభుత్వపు ఉద్యోగులు. వారు ఆ కేసులు ముట్టుకోలేదు. మానవ హక్కులు నేర్పడానికి వచ్చిన ఐరాస, విచారణ లేకుండా మనుషులను తన నిర్బంధంలో ఉంచుకోవలసి వచ్చింది. చట్టపరమైన అధికారం కాగితం మీద ఎంత ఉన్నా, దాన్ని అమలు చేసే పోలీసు, కోర్టు, జైలు, ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా మిగతావి వేలాడతాయి. తర్వాత్తర్వాత కొసావోలో, తూర్పు తైమూర్‌లో ఐరాస తానే న్యాయస్థానాలు నడపడానికి ఈ అనుభవం ఒక కారణం.

ఖ్మేర్ రూజ్ తన వంతు రక్తం తాను చిందించింది. మార్చి 10 రాత్రి తోన్లే సాప్ సరస్సు మీద ఛోంగ్ క్నియాస్ అనే తేలియాడే పల్లెలో వియత్నాం సంతతి జాలరుల కుటుంబాల మీద దాడి చేసి 33 మందిని చంపారు. ఆ తర్వాత వారాల్లో వేల మంది పడవల మీద సంసారాలు సర్దుకుని నది వెంట వియత్నాం వైపు సాగిపోయారు. అన్‌టాక్ పడవలు కొంతదూరం తోడు వెళ్లాయి. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినవారికి ఓటు హక్కు గురించి గాని, ఉండే హక్కు గురించి గాని స్పష్టంగా మాట్లాడినవారు ఆ రోజుల్లో దాదాపు ఎవరూ లేరు. సహాయం చేయడానికి వచ్చినవారి తప్పులూ ఉన్నాయి. సగటు కంబోడియా పౌరుడి ఏడాది ఆదాయం రెండు వందల డాలర్లకు చేరని కాలంలో అన్‌టాక్ విదేశీ పౌర సిబ్బంది రోజు భత్యమే నూరు డాలర్లు దాటేది. నామ్‌పెన్‌లో అద్దెలు ఎగబాకాయి. వేశ్యాగృహాలు పెరిగాయి. సిబ్బంది ప్రవర్తన మీద స్త్రీలు, స్వచ్ఛంద సంస్థల వారు అకాషికి బహిరంగ లేఖ రాశారు. ఆయన దాన్ని తేలికగా తీసుకున్నారన్న విమర్శ ఆయనను చాలాకాలం వదల్లేదు.

ఇంతటి చీకట్లో రెండు పనులు మాత్రం అన్‌టాక్ గొప్పగా చేసింది. ఒకటి, థాయి సరిహద్దు శిబిరాల్లో ఏళ్లుగా మగ్గిన శరణార్థులను ఇళ్లకు చేర్చడం. 1992 మార్చి 30న మొదటి బస్సులు కదిలాయి. ఎన్నికల లోపు మూడు లక్షల అరవై వేల మందికి పైగా తిరిగి వచ్చారు. ఈ పనిని నడిపిన బ్రెజిల్ దేశస్థుడు సెర్జియో వియేరా డి మెల్లో తర్వాత తూర్పు తైమూర్‌ను నడిపారు, 2003లో బాగ్దాద్‌లో బాంబు దాడిలో మరణించారు. మొదట ఒక్కో కుటుంబానికి రెండు హెక్టార్ల భూమి ఇస్తామన్నారు. మందుపాతరలు లేని ఖాళీ భూమి అంత దొరకలేదు. దాంతో చాలామంది నగదు తీసుకున్నారు. పెద్దవారికి 50 డాలర్లు, పిల్లలకు 25, ఆపైన నెలల తరబడి సరిపడే బియ్యం. చేతిలో ఆ డబ్బు, నెత్తిన ఆ మూటతో పదేళ్ల తర్వాత, పన్నెండేళ్ల తర్వాత సొంత ఊరి దారి పట్టినవారు ఎందరో.

రెండోది రేడియో. 1992 నవంబరులో మొదలైన రేడియో అన్‌టాక్ ఖ్మేర్ భాషలో అన్ని పార్టీలకూ సమానంగా సమయం ఇచ్చింది. జపాన్ నుంచి విరాళంగా వచ్చిన రేడియోలను పల్లెల్లో పంచారు. పార్టీ మనుషులు ఇంటింటికీ తిరిగి ఓటరు కార్డుల నంబర్లు రాసుకుపోతున్న రోజులవి. ఎవరికి వేశారో తమకు తెలిసిపోతుందని బెదిరించేవారు. రేడియో రోజంతా ఒకే మాట చెప్పింది: మీ ఓటు రహస్యం, ఎవరికీ తెలియదు. ఎవరికైనా మాట ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, గదిలోకి వెళ్లాక మీ ఇష్టం వచ్చినవారికి వేయండి.

జనం ఆ మాట నమ్మారు. ఖ్మేర్ రూజ్ పెద్ద దాడి చేస్తుందని పోలింగు కేంద్రాల చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, సిబ్బందికి హెల్మెట్లు ఇచ్చారు. మే 23 ఉదయం చూస్తే జనం అప్పటికే వరుసల్లో ఉన్నారు. పండగకు వెళ్లేవారిలా ఉతికిన బట్టలు కట్టుకుని, మెడలో గళ్ల కండువా వేసుకుని, ముసలివారి చేతులు పట్టుకుని వచ్చారు. పెద్ద దాడి జరగలేదు. కొన్ని చోట్ల ఖ్మేర్ రూజ్ సైనికులే వచ్చి ఓటు వేసి వెళ్లారు.

58 ఎందుకు చాల్లేదు

120 స్థానాల రాజ్యాంగ సభలో ఫన్సిన్‌పెక్‌కు 58, హున్ సేన్ పార్టీకి 51, సోన్ సాన్ వర్గపు బౌద్ధ పార్టీకి 10, మరో చిన్న పార్టీకి 1. చాలామంది పట్టించుకోని లెక్క ఒకటుంది ఇక్కడ. పారిస్ ఒప్పందం ప్రకారం రాజ్యాంగం ఆమోదం పొందాలంటే మూడింట రెండు వంతుల మంది, అంటే 80 మంది ఒప్పుకోవాలి. హున్ సేన్ పార్టీ తప్ప మిగతా అందరినీ కలిపినా 69. ఒక్క పక్షమే దేశాన్ని మింగెయ్యకూడదని సదుద్దేశంతో పెట్టిన నియమమే, ఓడినవారి చేతికి తాళం చెవి ఇచ్చింది.

ఆ తాళం చెవితో పాటు వారి దగ్గర తుపాకులూ ఉన్నాయి. కొన్ని రాష్ట్రాల్లో మళ్లీ పోలింగు జరపాలని హున్ సేన్ పార్టీ అడిగింది, అకాషి కుదరదన్నారు. జూన్ రెండో వారంలో సిహనూక్ మరో కుమారుడు, హున్ సేన్ పక్షాన ఉన్న చక్రపాంగ్, తూర్పు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నాయని ప్రకటించారు. ఒక కొడుకు గెలిచిన ఎన్నికను మరో కొడుకు తిరగబడి తిప్పికొట్టాలని చూశాడు. కొద్ది రోజుల్లోనే ఆ తిరుగుబాటు చల్లారింది, చక్రపాంగ్ వియత్నాం పారిపోయారు. కానీ చెప్పదలచుకున్నది చెప్పడం అయిపోయింది. సైన్యం, పోలీసు, ఖజానా, రాష్ట్రాల పాలన చేతిలో ఉన్నవారిని కాదని ప్రభుత్వం ఏర్పడదు. సిహనూక్ మధ్యవర్తిత్వంతో మొదటి ప్రధాని రణరిద్ధ్, రెండో ప్రధాని హున్ సేన్ అన్న ఏర్పాటు కుదిరింది. సెప్టెంబరు 24న రాజ్యాంగం వచ్చింది, సిహనూక్ మళ్లీ రాజయ్యారు. రెండు రోజులకు అకాషి విమానమెక్కారు.

ఐరాస ఇంకొన్నాళ్లు ఉండి ఉంటే? ఈ ప్రశ్నకు వేరే దేశాల కథలు కొంత జవాబు చెబుతాయి. 1989లో నమీబియాలో ఇలాగే ఎన్నికలు జరిగాయి, అధికారం సాఫీగా చేతులు మారింది. అక్కడ యంత్రాంగం దక్షిణాఫ్రికాది, వెళ్లిపోవడానికి దానికి వేరే దేశం ఉంది. 1992 సెప్టెంబరులో అంగోలాలో రెండు సైన్యాలూ ఉండగానే ఎన్నికలు పెట్టారు. ఓడిన తిరుగుబాటు నాయకుడు సవింబీ మళ్లీ యుద్ధానికి దిగాడు, అది 2002లో ఆయన చావుతో గాని ఆగలేదు. అది చూసి మొజాంబిక్‌లో సైనికులను ఇళ్లకు పంపేదాకా ఎన్నికలను 1994 అక్టోబరుకు జరిపారు, తిరుగుబాటు దళం పార్టీగా మారడానికి డబ్బు కూడా సమకూర్చారు. అక్కడ ఆ ఎన్నికతో యుద్ధం తిరిగి రాలేదు. కంబోడియాలో ఆగడానికి ఎవరికీ ఓపిక లేదు. యుగోస్లావియా, సోమాలియా పిలుస్తున్నాయి, డబ్బిచ్చే దేశాలు ముగింపు తేదీ అడుగుతున్నాయి. నిరాయుధీకరణ ఆగిన రోజే ఎన్నికలకు కాస్త విరామం ఇచ్చి, కనీసం పోలీసు, కోర్టుల మీదైనా పట్టు సాధించి ఉండాల్సిందని నా అభిప్రాయం. అది కూడా ఖాయంగా పనిచేసేదని చెప్పలేను.

అయితే ఆ ఓటు వృథా పోయిందనడం కూడా అన్యాయమే. ప్రపంచం గుర్తించిన ప్రభుత్వం నామ్‌పెన్‌లో ఏర్పడటంతో ఖ్మేర్ రూజ్‌కు చైనా, థాయి దన్ను పోయింది. అడవిలోని సేన లోలోపలే కుళ్లడం మొదలైంది. పత్రికలు పుట్టాయి, మానవ హక్కుల సంఘాలు పుట్టాయి. 2017లో ప్రతిపక్షాన్ని కోర్టు రద్దు చేసి, మరుసటి ఏడాది మొత్తం 125 స్థానాలనూ ఒకే పార్టీ గెలుచుకున్నప్పుడు కూడా ఆ సంఘాలలో కొన్ని మాట్లాడుతూనే ఉన్నాయి.

పైలిన్ దారి చివరికి 1996లో తెరుచుకుంది. ఐరాస పోయి మూడేళ్లయ్యాక, పోల్ పాట్ పక్కనే ఉన్న యెంగ్ సారి తన బలగంతో సహా ప్రభుత్వం వైపు వచ్చేశారు. అందుకు బదులుగా రాజు క్షమాభిక్ష దొరికింది, పైలిన్ ఆయన మనుషుల చేతిలోనే ఉండిపోయింది. మిగిలిన ఖ్మేర్ రూజ్ దళాలను ఎవరు తమ వైపు లాక్కోవాలన్న పోటీ ఇద్దరు ప్రధానుల మధ్య ముదిరి, 1997 జూలైలో నామ్‌పెన్ వీధుల్లో ట్యాంకులు దిగాయి. అంతకు ముందు రోజే రణరిద్ధ్ దేశం విడిచారు. ఆయన పక్షపు అధికారులు, సైనికులు డజన్ల కొద్దీ చంపబడ్డారు. యెంగ్ సారిని 2007లో అంతర్జాతీయ సాయంతో నడిచిన న్యాయస్థానం అరెస్టు చేయించింది. 2013 మార్చిలో, తీర్పు రాకముందే ఆయన చనిపోయారు.